సమదుఃఖుల మధ్య ఆరడుగులు

ఉల్లిపాయ కుళ్ళడం వింతేమీ కాదు. బుట్ట అడుగున ఒకటి మెత్తబడి, పై పొరలు జారిపోతూ, పులిసిన వాసన వేస్తే ఏరి అవతల పారేస్తాం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ బర్కోల్డర్ అనే మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త 1950లో సరిగ్గా ఆ కుళ్ళు మీదే ఒక వ్యాసం వ్రాశారు. దానికి కారణమైన బాక్టీరియాను వర్ణించి సూడోమోనాస్ సెపేసియా అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో సెపా అంటే ఉల్లి. 1992లో జపాను శాస్త్రజ్ఞులు దానిని వేరే ప్రజాతిలోకి మార్చినప్పుడు ఆ కొత్త ప్రజాతికి ఆయన పేరే పెట్టారు. అలా అది బర్కోల్డేరియా సెపేసియా అయింది. ఇప్పుడు ఆ పేరు కింద ఇరవైకి పైగా దగ్గరి చుట్టాలున్నారు కనుక ఈ టపాలో అన్నిటినీ కలిపి సెపేసియా అనే అంటాను.

మొక్కల తెగుళ్ళ పుస్తకంలో ఒక పేజీకి పరిమితమై ఉండవలసిన ఈ జీవి, నలభై ఏళ్ళు తిరిగేసరికి మనుషుల మధ్య ఒక కట్టుబాటును తీసుకువచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్నవారు అదే జబ్బు ఉన్న మరొకరికి ఆరడుగుల కంటే దగ్గరగా రాకూడదు. కరచాలనం కూడదు. ఒక గదిలో కూర్చోకూడదు. ఆ జబ్బు లేని నాబోటివాడు వారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పవచ్చు. జలుబూ దగ్గూ లేకుండా ఉంటే చాలు. వారి బాధ తెలిసినవారు మాత్రం దూరంగా నిలబడాలి.

ఈ నియమం గురించి 2019లో ‘ఫైవ్ ఫీట్ అపార్ట్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న ఇద్దరు యువతీయువకుల ప్రేమకథ. అబ్బాయికి సెపేసియా ఉంది, అమ్మాయి ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. జబ్బు తననుంచి ఎంతో దోచుకుంది కనుక తాను ఒక్క అడుగు తిరిగి తీసుకుంటానని ఆ అమ్మాయి ఆరడుగులను ఐదు చేస్తుంది. సినిమా చూసి కంట తడి పెట్టుకున్నవారు, ఇది ఆధునిక వైద్యం వేషం కట్టిన వెలి అన్నారు. జబ్బుతో బ్రతుకుతున్నవారిలో కొందరేమో, ప్రాణాల మీదికి తెచ్చే పనిని ప్రేమగా చూపించారని మండిపడ్డారు. నేను రెండో పక్షం వాడిని. అయితే ఆ నియమాన్ని సమర్థించేవారు సాధారణంగా చెప్పకుండా దాటవేసే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే ఈ టపా.

ముందు జబ్బు సంగతి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. ఆ జన్యువును 1989లో టొరంటో, మిషిగన్ బృందాలు కలిసి కనిపెట్టాయి. కణాల గోడలలో ఉప్పు రాకపోకలను చూసే ద్వారం ఒకటి ఉంటుంది. ఈ జన్యువు చెడితే ఆ ద్వారం సరిగా తెరుచుకోదు, లేదా అసలు తయారే కాదు. అందుకే ఈ పిల్లల చెమట మామూలు కంటే ఉప్పగా ఉంటుంది. ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగులుతుంది. 1948 వేసవిలో న్యూయార్కులో ఎండలకు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లలను చూసి పాల్ డి సాంట్ ఆగ్నీస్ అనే వైద్యుడు ఈ ఉప్పు గుట్టు పట్టుకున్నారు. నేటికీ రోగనిర్ధారణకు మొదటి పరీక్ష చెమటలో క్లోరైడును కొలవడమే.

ఊపిరితిత్తులలో ఈ ఉప్పు లోపం మరోలా బయటపడుతుంది. గాలి గొట్టాల లోపలి గోడ మీద పలుచని శ్లేష్మపు పొర ఉంటుంది. దాని అడుగున నూగు వంటి కేశాలు నిరంతరం ఊగుతూ, లోపల పడిన దుమ్మునూ సూక్ష్మజీవులనూ పైకి తోసేస్తూ ఉంటాయి. మనం గమనించం కానీ రాత్రీపగలూ ఈ ఊడ్పు సాగుతూనే ఉంటుంది. ఈ జబ్బులో ఆ పొరకు నీరు చాలదు. లేతపాకంగా ఉండవలసింది ముదురుపాకం అవుతుంది. కేశాలు కూరుకుపోతాయి, చీపురు ఆగిపోతుంది. లోపలికి వచ్చిన బాక్టీరియాకు అంతకంటే చక్కని విడిది ఏముంటుంది? చిన్నతనంలో స్టెఫిలోకాకస్, హీమోఫిలస్ వంటివి వస్తాయి. వయసు పెరిగేకొద్దీ సూడోమోనాస్ ఎరుజినోసా దిగుతుంది.

ఇక్కడ కాస్త పిడకల వేట. ఎరుజినోసా అన్న మాటకు అర్థం రాగి పాత్రల మీద పట్టే చిలుము. చీముకు నీలాకుపచ్చ రంగు తెస్తుంది కనుక ఆ పేరు. ఇది ఊపిరితిత్తుల్లో కొన్నాళ్ళు ఒంటరిగా తిరిగి, ఆ తరువాత గుంపుగా చేరి, తన చుట్టూ జిగురు కట్టుకుంటుంది. ఆ జిగురు పేరు ఆల్జినేట్. సముద్రపు నాచులో ఉండేదీ అదే. ఇలా జిగురులో కాపురముండే బాక్టీరియా గుంపును బయోఫిల్మ్ అంటారు. దీనికి జీవపటలం, జీవపొర వంటి అనువాదాలు చేయవచ్చు కానీ, నూతి గట్టు మీద పాచి, నిద్ర లేవగానే పళ్ళ మీద పాచి మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. రెండూ అక్షరాలా బయోఫిల్ములే. పాచి అంటే చాలదా? అభ్యంతరం ఉన్నవారు వ్యాఖ్యలలో తిట్టవచ్చు.

పాచి కట్టిన తరువాత మందులు దాని లోపలి దాకా చేరవు. చేరినా లోపలి బాక్టీరియా మందకొడిగా, పెరుగుదల లేకుండా ఉంటాయి కనుక ఎక్కువ యాంటీబయోటిక్కులు వాటిని చంపలేవు. పరీక్షనాళికలో లొంగిన బాక్టీరియా ఛాతీలో లొంగకపోవడానికి ఇది ఒక కారణం. డెన్మార్కులోని కోపెన్‌హేగన్ వైద్యులు 1976 నుంచీ జబ్బు ముదిరేవరకూ ఆగకుండా మూడు నెలలకొకసారి రెండు వారాలపాటు నరం ద్వారా మందులు ఎక్కించే పద్ధతి పెట్టుకున్నారు. తరువాత పీల్చే టోబ్రామైసిన్ వచ్చింది. 1997లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. ఈ మందులవల్లా, రోజూ వీపు తట్టి కఫం కదిలించే ఓపికవల్లా, మంచి తిండివల్లా, ఒకప్పుడు బడి వయసు దాటడమే అరుదైన పిల్లలు కాలేజీలకు వెళ్ళడం మొదలుపెట్టారు.

పిల్లలు పెద్దయితే వారికి స్నేహితులు కావాలి. రోజుకు రెండు పూటలా వీపు తట్టించుకునే పిల్లవాడు, అన్నం ముందు పిడికెడు గోలీలు మింగే పిల్లవాడు, బడిలో ఎవరికని చెప్పుకుంటాడు? అమెరికాలోనూ కెనడాలోనూ వీరి కోసం వేసవి శిబిరాలు నడిచేవి. చెరువు గట్టున గుడిసెలు, పడవలు, చలిమంటలు. తనలాగే దగ్గేవారు చుట్టూ ఉన్న చోట దగ్గుకు సిగ్గుపడనవసరం లేని వారమో పది రోజులో. తల్లిదండ్రులకూ అది ఊపిరి పీల్చుకునే వ్యవధి. ఇలాంటి శిబిరం విలువను ఏ ప్రయోగశాలా కొలవలేదు. కొలిచే అవసరమూ అప్పటికి ఎవరికీ కలగలేదు.

1984లో టొరంటోలోని పిల్లల ఆసుపత్రి వైద్యులు ఒక నివేదిక ప్రచురించారు. 1971లో తమ రోగులలో నూటికి పదిమందిలో కనిపించిన సెపేసియా, 1981 నాటికి పద్ధెనిమిది మందిలో కనిపిస్తోందన్నారు. అది చేరినవారిలో మూడు తీరులు చూశారు. కొందరికి పెద్ద తేడా రాదు. కొందరు నెలల తరబడి జ్వరంతో, బరువు తగ్గుతూ క్షీణిస్తారు. మరికొందరు అంతవరకూ తిరుగుతూ ఉన్నవారే ఉన్నట్టుండి తీవ్రమైన న్యుమోనియాతో వారాలలో మరణిస్తారు. ఈ మూడో దానికి సెపేసియా సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. ఎవరికి ఏ తీరు వస్తుందో ముందుగా చెప్పలేరు. మందుల విషయంలో అది మహా మొండిఘటం. పెన్సిలిన్‌ను ఆహారంగా వాడుకొని పెరగగల సెపేసియా రకం ఉన్నదని 1979లోనే తేలింది. చంపడానికి పంపినదాన్ని భోంచేసే శత్రువు మన పురాణాలలో కూడా తక్కువే.

అసలు ప్రశ్న అప్పుడు మొదలైంది. ఇది మట్టిలోంచి, నీళ్ళలోంచి ఎవరికి వారికి విడిగా వస్తున్నదా, లేక ఒకరినుంచి ఒకరికి పాకుతున్నదా? మొదటిదైతే శిబిరాలను ఆపవలసిన పని లేదు. రెండోదైతే శిబిరమే ఉరి. చాలామంది చాలాకాలం మొదటిదే నిజం కావాలని కోరుకున్నారు. నేను వారిని తప్పుపట్టలేను. ఇన్ఫెక్షన్ల నివారణ చరిత్రను వ్రాసేటప్పుడు ఆ సందేహకాలాన్ని అలసత్వంగానో అజ్ఞానంగానో తేల్చివేయడం తేలిక. కానీ తూకంలో ఒక పక్క ఇంకా రుజువు కాని భయం, మరో పక్క రోజూ కళ్ళకు కనిపిస్తున్న స్నేహం. ఆ పిల్లలకు మరో చోట దొరకని స్నేహం. రుజువు రాకముందే దానిని తెంచమనడం అంత సులభమా?

రుజువు వచ్చింది. 1990లో జాన్ లిప్యూమా బృందం, ఇద్దరు రోగులలోని సెపేసియా జన్యు పోలికలు చూసి, ఒకరినుంచి మరొకరికి సోకిందని లాన్సెట్ పత్రికలో చూపింది. 1993లో ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ గోవన్ బృందం అదే పత్రికలో మరింత విస్తారమైన కథ చెప్పింది. ఎడింబరో, మాంచెస్టర్ రోగులలో ఒకే రకం సెపేసియా పాకుతోంది; ఆసుపత్రి మంచాల మీదే కాదు, బయట స్నేహంగా కలుసుకున్నప్పుడు కూడా. అదే రకం అట్లాంటిక్ అవతల కెనడాలోనూ ఉన్నదని తరువాత తేలింది. 1993లోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ వేసవి శిబిరాలలో జరిగిన పరిశీలనను ప్రకటించింది. ఆ దేశపు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ శిబిరాలకు మద్దతు ఉపసంహరించుకుంది. గుడిసెలకు తాళాలు పడ్డాయి.

జన్యు పోలికల గురించి ఒక మాట. ఏ బాక్టీరియా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పగలగడం శాస్త్రానికి విజయమే. కానీ ఆ వేలిముద్ర ఒక కుటుంబం ముందు పెడితే ఏమవుతుంది? ఇచ్చినవారూ పిల్లలే, పుచ్చుకున్నవారూ పిల్లలే. ఇచ్చినవాడికి తన దగ్గర ఏముందో తెలియదు. ఇచ్చిన సమయం బహుశా ఒక నవ్వు, ఒక పాట, ఒకే సీసాలో మంచినీళ్ళు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటామే, అది. వైద్య పత్రికలలో ఈ పిల్లలకు పేర్లుండవు, అంకెలుంటాయి. ఆ అంకెల వెనుక అపరాధభావాన్ని మోసినవారు ఎందరో లెక్క కట్టే పట్టిక మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

ఇక వెలి సంగతి. ఈ నియమాన్ని మన మడితోనూ అంటరానితనంతోనూ పోల్చడం నాకు సమ్మతం కాదు. మడికి సాక్ష్యంతో పని లేదు. ఎన్ని తరాలు గడిచినా దాన్ని ఎవరూ సూక్ష్మదర్శిని కింద పెట్టి సవరించలేదు. ఈ దూరం సాక్ష్యం వెంట నడిచింది. 2003 నాటి అమెరికా మార్గదర్శకాలలో మూడడుగులు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ పరిశోధకులు రోగుల దగ్గు తుంపరలను పట్టి చూస్తే, సూడోమోనాస్ నాలుగు మీటర్ల దూరం దాకా వెళ్ళగలదనీ, గాలిలో నలభై అయిదు నిమిషాలు బ్రతికి ఉండగలదనీ తేలింది. 2013 మార్గదర్శకాలలో దూరం ఆరడుగులయింది. రేపు ఎవరైనా మూడు చాలునని నిరూపిస్తే మూడే అవుతుంది. అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి: వెలిలో పైవాడూ కిందివాడూ ఉంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకరి క్షేమం కోసం ఒకరు జరుగుతారు.

ఈ చివరి మాట 2013 తరువాతి నియమానికే వర్తిస్తుంది. 1990లలో అలా లేదు. అప్పుడు సెపేసియా ఉన్నవారిని విడదీసి, వారికి వేరే రోజు, వేరే వార్డు పెట్టారు. మిగిలినవారు కలిసి తిరుగుతూనే ఉన్నారు. జబ్బున్నవారిలో మళ్ళీ ఒక కులం పుట్టింది. అంతవరకూ సభలకు, వేడుకలకు వచ్చినవారిని ఇకమీదట రావద్దన్నారు. దాన్ని వెలి అన్నవారితో నాకు పేచీ లేదు. ఆ విడదీత ప్రాణాలు కాపాడిందన్నదీ నిజమే. రెండు నిజాలూ ఒకదానినొకటి రద్దు చేసుకోవు.

పైగా సెపేసియాను విడదీసి ఊరుకుంటే చాలదని త్వరలోనే తెలిసింది. కోపెన్‌హేగన్‌లో మొండి సూడోమోనాస్ ఒకటి తమ కేంద్రంలో పాకుతున్నదని గమనించి 1980ల తొలినాళ్ళలోనే రోగులను గుంపులుగా వేరుచేశారు. చాలామంది దాన్ని అతిజాగ్రత్త అనుకున్నారు. 1996లో లివర్‌పూల్ పిల్లల ఆసుపత్రిలో ఒకే రకం సూడోమోనాస్ ఎందరో పిల్లలలో కనిపించింది. 2013లో ఇంగ్లాండులోని పాప్‌వర్త్ ఆసుపత్రిలో, మనిషి నుంచి మనిషికి రాదని అందరూ అనుకున్న మైకోబాక్టీరియం అబ్సెసస్ సైతం రోగుల మధ్య పాకిందని పూర్తి జన్యుపటాలు చదివి చూపారు. అంటే ఎవరి దగ్గర ఏది ఉందో తెలిసినంత మాత్రాన భద్రత లేదు. అందరూ అందరికీ దూరంగా ఉండాలన్న నియమం అక్కడినుంచి వచ్చింది. ఒకే ఇంట్లో ఉండే తోబుట్టువులకు మాత్రం మినహాయింపు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే కంచంలో తినవచ్చు, ఇద్దరు స్నేహితులు ఒకే గదిలో కూర్చోకూడదు. విచిత్రంగా తోచినా, ఒకే కప్పు కింద ఉన్నవారిని ఏ నియమమూ విడదీయలేదు కదా.

“పెద్దవాళ్ళే కదా, ప్రమాదం తెలిసే కలుసుకుంటామంటే మీకేం?” అన్నది నేను విన్న వాదాలలో బలమైనది. పర్వతాలెక్కేవాణ్ణి ఆపుతున్నామా? ఆపడం లేదు. కానీ పర్వతం ఎక్కేవాడు జారితే తాను పడతాడు. ఇక్కడ నా తెగింపు ఖరీదు ఎదుటివారు చెల్లిస్తారు. అది కూడా ఆనాడే తెలియదు. కొన్ని నెలల తరువాత కళ్ళె పరీక్షలో తెలుస్తుంది. సెపేసియా చేరితే, అందులోనూ ముఖ్యంగా సెనోసెపేసియా అనే జాతి చేరితే, చాలా ఆసుపత్రులు ఊపిరితిత్తుల మార్పిడికి ఒప్పుకోవు. చివరి తలుపు కూడా మూసుకుంటుందన్నమాట. ప్రేమలో ఉన్న పంతొమ్మిదేళ్ళవారి చేతిలో ఈ తూకం పెట్టి స్వేచ్ఛ అనడం నాకు న్యాయంగా తోచదు.

ఇంతవరకూ నియమం పక్షాన మాట్లాడాను. ఇప్పుడు నా ఫిర్యాదు. రోగుల చేతికి ఇచ్చే కరపత్రాలలో కట్టుబాట్లన్నీ రోగులకే: దూరంగా ఉండండి, మాస్కు కట్టుకోండి, చేతులు కడుక్కోండి, కలుసుకోకండి. ఆసుపత్రుల బాధ్యతలు మార్గదర్శకాలలో లేకపోలేదు. రోగి రాగానే నేరుగా గదిలోకి పంపాలి, వేచి ఉండే చోట కూర్చోబెట్టరాదు అని వ్రాసే ఉంది. కానీ రోగి తప్పిన నియమానికి మందలింపు ఉంటుంది. ఆసుపత్రి తప్పినదానికి గది కొరత అన్న సమాధానం ఉంటుంది. ఎడింబరోలో, లివర్‌పూల్‌లో, పాప్‌వర్త్‌లో బాక్టీరియాకు దారి ఇచ్చిన చోట్లలో ఆసుపత్రి ఆవరణ కూడా ఉన్నది. అటువంటప్పుడు మొదటి అడుగు ఎవరు వేయాలి? ఒంటి గదులు, గాలి మారే ఏర్పాటు, విడి విడి వేళలు, ఇవి ఖర్చుతో కూడిన పనులు. స్నేహం మానుకోమని చెప్పడం పైసా ఖర్చు లేని పని. పైసా ఖర్చు లేనిదాన్ని ముందు అమలు చేయడం లోకరీతి.

మరొక ఫిర్యాదు: శిబిరాన్ని తీసేసినవారు దాని స్థానంలో ఏమి పెట్టారు? చాలా ఏళ్ళు ఏమీ పెట్టలేదు. రోగులే ఉత్తరాలు వ్రాసుకున్నారు, ఫోన్లు చేసుకున్నారు. అంతర్జాలం వచ్చాక తెర మీద చేరారు. క్లేర్ వైన్‌లాండ్ అనే అమెరికా అమ్మాయి తన జబ్బు గురించి నవ్వుతూ, నవ్విస్తూ వీడియోలలో మాట్లాడేది. పైన చెప్పిన సినిమా తీసేటప్పుడు ఆమె సలహాలు తీసుకున్నారు. సినిమా విడుదలయ్యే నాటికి ఆమె లేదు. 2018 సెప్టెంబరులో, ఊపిరితిత్తుల మార్పిడి అయిన కొద్ది రోజులకు, ఇరవై ఒకటో ఏట మరణించింది. ఆమె మాటలు విన్న తోటి రోగులలో ఎవరైనా ఎదురుపడి ఉంటే ఆరడుగుల అవతలినుంచే పలకరించవలసి వచ్చేది.

ఇది చదువుతున్న మీలో చాలామందిమి ఒకరి ముఖం ఒకరం చూడకుండానే ఏళ్ళ తరబడి స్నేహం చేసినవాళ్ళం. తెర మీది స్నేహం అసలైనదా అన్న ప్రశ్నకు మనం ఎప్పుడో జవాబు చెప్పేశాం. అయినా ఏదో ఒక సంవత్సరం పుస్తక ప్రదర్శనలో స్టాలు దగ్గర చేరి, ఒక కప్పు టీ పంచుకున్నాం. వారికి ఆ టీ లేదు. 2020లో ప్రపంచమంతా ఆరడుగుల దూరం గురించి వాపోయింది. అప్పటికే వారు ఆ దూరంలో ఏళ్ళ తరబడి బ్రతికి ఉన్నారు. మనకు రెండేళ్ళలో ముగిసింది.

2019 అక్టోబరులో అమెరికాలో ట్రైకాఫ్టా అనే మందుకు అనుమతి వచ్చింది. ఇది బాక్టీరియాను చంపదు. చెడిన ద్వారాన్నే సరిచేస్తుంది. వాడినవారిలో చాలామందికి దగ్గు తగ్గింది, కఫమే రాకుండా పోయింది, బరువు పెరిగారు, మార్పిడి జాబితాలలోంచి పేర్లు తీయించుకున్నారు. ఇక ఆరడుగులెందుకు అని వారు అడగడం సహజం. నా జవాబు వారికి నచ్చదు. మందు వాడుతున్నవారిలో కూడా సూడోమోనాస్ తగ్గినా, చాలామందిలో పూర్తిగా పోలేదు. పైగా కఫం రాకపోతే పరీక్షకు పంపడానికే ఏమీ ఉండదు. లోపల ఏముందో తెలుసుకునే కిటికీ చిన్నదైంది. ఏముందో తెలియనప్పుడు దూరం తగ్గించడం తొందరపాటు. కనీసం ఆరుబయట, గాలి వీచే చోట, ఎంత దూరంలో కలుసుకోవచ్చో తేల్చే పరిశోధనకైనా డబ్బు పెట్టాలి. రోగులకు మందు ఎంత అవసరమో తోడు అంత అవసరమని ఒప్పుకుంటే అది వైద్య పరిశోధనే అవుతుంది.

ఆ మందు వెల మొదట్లో అమెరికాలో ఏడాదికి సుమారు 3,11,000 డాలర్లు. 2023లో మన దేశంతో సహా కొన్ని దేశాలలో రోగుల కుటుంబాలు, పేటెంటును పక్కన పెట్టి చవక మందు తయారీకి అనుమతించమని ప్రభుత్వాలను అడిగాయి. మన దేశంలో ఈ జబ్బే లేదని చాలాకాలం నమ్మారు. 1960ల చివరినుంచీ కేసులు నమోదవుతున్నా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. దగ్గు తగ్గక, బరువు పెరగక క్షీణించే పిల్లవాడికి క్షయ అని మందులు వాడి, తగ్గకపోతే మళ్ళీ క్షయ మందులే వాడడం పరిపాటి. ఢిల్లీలో ఎయిమ్స్, వెల్లూరులో సీఎంసీ వంటి కొద్ది చోట్ల దీనిమీద పట్టు ఉన్న వైద్యులున్నారు. జబ్బు రావాలంటే తల్లిదండ్రులిద్దరిలోనూ జన్యువు ఉండాలి కనుక, మేనరికాలు వాడుకగా ఉన్న మన తెలుగు కుటుంబాలలో ఇది మరీ దూరపు ముచ్చట కాదు. అమెరికాలో పుట్టిన మనవాళ్ళ పిల్లలకు పుట్టగానే పరీక్ష చేస్తారు. కానీ ఆ పరీక్షలో వెతికే జన్యు మార్పుల జాబితా ఎక్కువగా ఐరోపా సంతతిని చూసి తయారుచేసినది. మన సంతతిలోని అరుదైన మార్పులు అందులోంచి జారిపోవచ్చు. పరీక్షలో లేదన్నారు కదా అని, తగ్గని దగ్గును వదిలేయకూడదు. చెమట పరీక్ష అడగాలి.

జబ్బు ఉన్నదని తేలిన కుటుంబం మన ఊళ్ళలో ఎదుర్కొనేది ఒకే బెంచీ. ఛాతీ వైద్యుడి గది బయట, తలుపు దగ్గర, అందరూ దగ్గుతూ కూర్చునే బెంచీ. అక్కడ ఆరడుగుల నియమం చెబితే నవ్వుతారు. అయినా కొన్ని పనులకు భవనాలు కట్టనక్కరలేదు. ఫోన్ చేసి, మొదటి వేళ అడిగి, పేరు పిలిచేవరకూ ఆవరణలో చెట్టు కింద నిలబడవచ్చు. ఒకే వైద్యుడి దగ్గరకు వచ్చే ఇద్దరు పిల్లలకు వేర్వేరు రోజులు ఇమ్మని అడగవచ్చు. కళ్ళె పరీక్ష విషయం ఇంకా ముఖ్యం. సెపేసియాను పట్టడానికి ప్రత్యేకమైన పెంపకపు మాధ్యమం కావాలి. మామూలు పద్ధతిలో చూస్తే అది దొరకకుండా పోవచ్చు, లేదా మరో పేరుతో కాగితమెక్కవచ్చు. అందుకని ల్యాబుకు పంపేటప్పుడే పిల్లవాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నదని చీటీ మీద వ్రాయించండి. తిరిగి వచ్చిన కాగితంలో ‘సూడోమోనాస్ జాతి’ అని మాత్రమే ఉంటే, ఏ జాతో కనుక్కొని చెప్పమని మళ్ళీ పంపండి.